ఉయ్యాల బల్ల మీద నల్ల మరకలు: ఆక్సాలిక్ ఆసిడ్‌తో నా ఆరేళ్ల అనుభవం

అమలాపురం దగ్గర మా అమ్మమ్మ గారింటి వసారాలో ఉండేది ఆ ఉయ్యాల బల్ల. ఏళ్ల తరబడి వాన జల్లుకు తడవడం, ఎండడం, మళ్లీ తడవడం. ఇల్లు అమ్మేశాక హైదరాబాదుకు తెచ్చుకున్నాను. నాలుగు మూలలా ఇనుప కొక్కేల చుట్టూ అరచేతి వెడల్పున నల్లటి మరకలు. ఆ నలుపు చివరికి ఇరవై నిమిషాల్లో పోయింది. దానికి ముందు రెండేళ్లు నేను పడ్డ పాట్లు గుర్తొస్తే, ఆ ఇరవై నిమిషాల గురించి ఎవరికి చెప్పినా ఇంకా చెప్పాలనే ఉంటుంది.

నిమ్మచెక్క, ఉప్పు వేసి రుద్దాను. చింతపండు గుజ్జు పట్టించాను. బ్లీచింగ్ పౌడరు తడిపి రాత్రంతా ఉంచితే చుట్టూ ఉన్న కర్ర వెలిసిపోయి, మరక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించింది. మా వడ్రంగి ఆయన చూసి, "చిత్రిక పట్టాల్సిందేనమ్మా, నలుపు నూలు మందం దిగి ఉంటుంది" అన్నారు. బల్ల అంచు వెంట సన్నటి లతల చెక్కడం ఉంది. చిత్రిక పడితే అది ముందు పోతుంది. వద్దన్నాను.

తర్వాత మా పాత ఇంట్లో మొజాయిక్ గచ్చుకు పాలిష్ పెట్టించాం. ఆ పనికి వచ్చిన పెద్దాయన చివరి రోజున బకెట్లో తెల్లటి పొడి కలుపుతూ, గోడకు ఆనించిన బల్లను చూశారు. "అమ్మా, ఇది ఇనుము మరక. బీరువా కాళ్ల కింద గచ్చుకు పట్టే తుప్పుకు మేము ఇదే వేస్తాం. కర్ర మీద కూడా పని చేస్తుంది, అడుగు వైపు ఒక మూల వేసి చూడండి" అన్నారు. ఆ పొడి ఆక్సాలిక్ ఆసిడ్. రంగుల దుకాణంలో అడిగితే ఇస్తారు. ఆరేళ్లుగా మా ఇంట్లో అది లేని రోజు లేదు.

బల్ల మీది పాత పాలిష్ అంతా స్పిరిట్‌తో తుడిచి, ఉప్పు కాగితంతో గీకి, కర్రను బయటపెట్టాను. పాలిష్ ఉంటే మందు కిందికి దిగదు. ప్లాస్టిక్ మగ్గులో అర లీటరు వేడి నీళ్లు పోసి, 50 గ్రాముల పొడి కరిగించాను. ఇనుప గిన్నె, అల్యూమినియం గిన్నె వాడకూడదు. నైలాన్ బ్రష్‌తో బల్లంతా తడిపి, పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. అయిదు నిమిషాల దాకా ఏమీ లేదు. తర్వాత మరక అంచులు ముందుగా బూడిద రంగుకు తిరిగాయి. మధ్యలో ఉన్న గాఢమైన నలుపు సిరాలో నీళ్లు పోసినట్టు పలచబడింది. రుద్దలేదు, గీకలేదు. చూస్తుండగానే ఆ నలుపు కింద నుంచి టేకు చారలు ఒక్కొక్కటే పైకి తేలాయి. తుడిచిన గుడ్డకు పసుపు, ఆకుపచ్చ కలిసిన పలచటి రంగు అంటింది. అమ్మను కేకేసి పిలిచాను. ఆమె వచ్చి, కొక్కెం బెజ్జం పక్కన వేలితో తడిమి, "ఇక్కడ చార ఉందని నాకే తెలియదే" అంది. చిన్నప్పటి నుంచి ఆ బల్ల మీద ఊగిన మనిషి ఆమె.

ఎందుకు పోతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. టేకులో వగరు పదార్థం ఉంటుంది, టానిన్ అంటారు. తడిసిన ఇనుము దానికి తగిలితే నల్లబడుతుంది. వగరు కరక్కాయ, ఇనుము ఉండే అన్నభేది కలిపి మన పెద్దవాళ్లు సిరా చేసింది ఈ పద్ధతిలోనే. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీది నలుపు కూడా ఇదే: గుడ్డకు ముందే కరక్కాయ పట్టించి, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుమును నానబెట్టిన రసంతో గీస్తారు. అంటే మా బల్ల మీద ఉన్నది మురికి కాదు, కర్రలోనే పుట్టిన సిరా. అందుకే సబ్బులు, రుద్దుళ్లు దాని దగ్గర ఓడిపోయాయి. ఆక్సాలిక్ ఆసిడ్ ఆ ఇనుమును పట్టుకుని నీళ్లలోకి లాగేస్తుంది.

ఆ సంతోషంలో చేసిన పొరపాటుకు మూడు వారాలు పోయాయి. అది వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదులో, అనంతపురంలో, నల్గొండలో, బోరు నీళ్లు వాడే ఏ ఇంట్లోనైనా ఇదే జరగవచ్చు.

మందు వేశాక కర్రను బాగా కడగాలని ఆ పెద్దాయన చెప్పారు. బోరు నీళ్లతో రెండుసార్లు కడిగి, ఆరబెట్టాను. ఆరాక బల్ల మీద సన్నగా పిండి చల్లినట్టు తెల్లదనం కనిపించింది. పాలిష్ పడితే కలిసిపోతుందనుకున్నాను. లక్క పాలిష్ పెట్టే ఆయన వచ్చి, గుడ్డ ముద్దతో రెండు పూతలు వేశారు. మర్నాటికి ఆ తెలుపు మెరుపు కింద ఇరుక్కుని, బల్లంతా పాలపొర కప్పినట్టు తయారైంది. "కర్ర పచ్చిగా ఉందమ్మా, ఆరనివ్వండి" అన్నారాయన. వారం ఆగాం. మూడో పూత వేశారు. పొర అలాగే ఉంది. ఆయన తప్పేమీ లేదు, పూత కింద ఏముందో ఇద్దరికీ తెలియదు.

ఒక పొద్దున నీళ్లు కాచే కెటిల్ అడుగున పేరుకున్న సున్నం గీకుతుంటే తట్టింది. బోరు నీళ్లలోని సున్నం, కర్రలో మిగిలిన ఆక్సాలిక్ ఆసిడ్ కలిస్తే కాల్షియం ఆక్సలేట్ అవుతుంది. అది నీళ్లలో కరగదు. కంద ముక్కలు తరిగేటప్పుడు చేతులు దురద పెట్టేది దానివల్లే. మూత్రపిండాల్లో రాళ్లలో ఎక్కువ భాగం అదే. దాన్ని నేనే బకెట్లకొద్దీ నీళ్లు పోసి బల్ల రంధ్రాల్లోకి ఎక్కించాను.

లక్క అంతా మళ్లీ స్పిరిట్‌తో తీసేశాం. దుమ్ము లేవకుండా కర్రను తడిపి, 220 నంబరు ఉప్పు కాగితంతో చార వెంటే తేలిగ్గా గీకాను. ఈసారి ఏసీ గొట్టం నుంచి బకెట్లోకి పడే నీళ్లు పట్టి ఉంచుకుని, వాటితోనే మూడుసార్లు తుడిచాను. అందులో సున్నం ఉండదు. రెండు రోజులు నీడన ఆరనిచ్చాక పాలిష్ పెట్టిస్తే, ఒక్క మచ్చ లేదు. అప్పటి నుంచి ఈ పనికి ఏసీ నీళ్లో, వాన నీళ్లో తప్ప వేరేవి వాడలేదు. మొదట్లో అడిగిన వాళ్లందరికీ చివర వంటసోడా నీళ్లతో తుడవమని చెప్పేదాన్ని, పులుపు విరుగుతుందని. ఇప్పుడు చెప్పడం లేదు. క్షారం తగిలితే టేకు కొంచెం నల్లబారుతుంది, మా భోజనాల బల్ల కాలు మీద చూశాను.

ఇంకో సంగతి, నలుపు తిరిగి రాదని మొదటి ఏడాది ధీమాగా చెప్పాను. రెండో వానాకాలం తర్వాత ఒక మూల లేత బూడిద రంగు మళ్లీ తేలింది. కొక్కెం ఇనుపదే కదా, బాల్కనీలో తేమ తగులుతూనే ఉంది. ఇనుము అక్కడ ఉన్నంత కాలం మరక పుడుతూనే ఉంటుంది. కొక్కేలు, గొలుసులు ఇత్తడివి వేయించాక ఆగింది. మందుకన్నా ఇత్తడికే ఎక్కువ ఖర్చయింది.

మరక ఉన్న చోట మాత్రమే పూస్తే అక్కడ కర్ర లేత రంగులోకి వచ్చి చందమామలా కనబడుతుంది. బల్లకు బల్లంతా చేయాలి. వంట పసుపు మరకకు ఇది దండగ. దాన్ని రెండు మూడు రోజులు ఎండలో పెడితే చాలు, సబ్బు తగిలిస్తే ఎర్రబడుతుంది. కాఫీ గ్లాసు వదిలే తెల్లటి గుండ్రాలకూ ఇది అక్కరలేదు, ఆ తేమ పాలిష్‌లోనే ఉంటుంది, కర్ర దాకా పోదు.

ఈ పొడి విషం. చూడటానికి పంచదారలా ఉంటుంది, అందుకే భయం. చుక్కకూర పులుపులో ఉన్నది ఇదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఇక్కడ ఉన్నది చిక్కటి సరుకు. నేను చేతులకు రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు లేకుండా డబ్బా మూత తీయను. ఆ మూత మీద ఎర్ర సిరాతో పేరు రాసి, అటక మీద తాళం వేసిన పెట్టెలో ఉంచుతాను. మా అబ్బాయి పిల్లలు వచ్చిన రోజుల్లో దాన్ని కిందికి దించను.

మా తాతగారు కరణం. 1984లో ఆ పదవులు రద్దయ్యే దాకా ఆయన లెక్కలు రాసుకున్న వాలు మూత రాతపెట్టె నా దగ్గరే ఉంది. దాని మీద పెద్ద సిరా మరక ఉండేది, బుడ్డి ఒలికింది కాబోలు. ఉయ్యాల బల్ల బాగుపడిన ఉత్సాహంలో దానికీ ఈ మందు పెట్టాను. నలుపు సులువుగా పోయింది, లేత నీలి ఛాయ మాత్రం మిగిలింది. మూత నున్నగా, కొత్తగా వచ్చింది. దాని ముందు కూర్చుంటే ఆయన చెయ్యి ఎక్కడ ఆనేదో నాకు ఇప్పుడు తెలియడం లేదు. ఆ ఒక్కటీ చేయకుండా ఉండాల్సింది.

కాబట్టి నా మాట ఇంతవరకే: గట్టి టేకు సామాను, ఇనుము తగిలి పుట్టిన నలుపు, గాలి వచ్చే బాల్కనీ, చేతిలో రెండు మూడు రోజుల తీరిక, ఇంట్లో పసిపిల్లలు లేని సమయం. నాకు ఇవన్నీ కుదిరాయి. పైపొర పలచగా ఉండే ప్లైవుడ్ మీద నేను వాడలేదు, వాడమని చెప్పను కూడా. టేకు మీది ఇనుము మరకకు మాత్రం ఇంకో మందు వెతికే అవసరం నాకు రాలేదు.

రాతపెట్టె మూత లోపలి వైపు వేలిముద్రంత సిరా మచ్చ ఇంకొకటి ఉంది. దాని జోలికి పోలేదు.