డేటన్‌లో పైలట్ల తోలు జాకెట్లు: ఉచితంగా నేర్పిన మ్యూజియం, 200 డాలర్లు మింగిన షాపు

ఒహాయోలో పాత వస్తువుల షాపుల్లో "రెండో ప్రపంచ యుద్ధం, ఒరిజినల్" అని చీటీ కట్టి పైలట్ల తోలు జాకెట్లు అమ్ముతుంటారు. అలాంటిదానికి డబ్బు పెట్టాలనుకునేవాళ్ళు కాస్త ఓపిగ్గా ఇది చదవండి. మా బావమరిది అడ్వాన్సు కింద 200 డాలర్లు పోగొట్టుకున్నాడు, ఆ మంట నాకింకా చల్లారలేదు.

వాడు న్యూజెర్సీలో ఉంటాడు, ఈ జాకెట్లంటే ప్రాణం. ఆన్‌లైన్‌లో ఒక ఫొటో చూశాడు, ధర 1,450 డాలర్లు. "చూడకుండా కట్టకురా" అని నేను మొత్తుకుంటున్నా వినకుండా, ఎవరైనా ఎగరేసుకుపోతారేమో అన్న టెన్షన్‌తో ఫోన్‌లోనే కార్డు నంబరు చెప్పేశాడు. షాపు డేటన్ దారిలో ఐ-70 హైవే పక్కనే, కొలంబస్‌లో మా ఇంటి నుంచి గంట ప్రయాణం. ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా అని మా ఆవిడని కూడా బయల్దేరదీసి, పులిహోర కట్టుకుని, ముందు ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకే వెళ్ళాం. రాత్రి బస డేటన్‌లోనే, రూము పన్నుతో కలిపి 108 డాలర్లు, శుభ్రంగా ఉంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

మ్యూజియం మాత్రం అద్భుతం. రైట్-పాటర్సన్ స్థావరం దగ్గర, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా. టికెట్ లేదు, పార్కింగ్‌కీ పైసా అక్కర్లేదు. నాలుగు పెద్ద హ్యాంగర్ల నిండా విమానాలు. నాగసాకి మీద బాంబు వేసిన బాక్స్‌కార్ అక్కడే ఉంది, మెంఫిస్ బెల్ బాంబర్‌ని 2018 నుంచి ప్రదర్శనకి పెట్టారు. మూడో హ్యాంగర్‌కి వచ్చేసరికి మా ఆవిడకి కాళ్ళు నొప్పులు, ఆకలి, "ఇంకా ఎన్ని విమానాలండీ" అని ఒక బెంచీ మీద కూలబడింది. మేమిద్దరం మళ్ళీ వెనక్కెళ్ళి రెండో ప్రపంచ యుద్ధం విభాగంలో జాకెట్ల అద్దాల ముందే గంటకు పైగా నిలబడిపోయాం.

అక్కడున్న ఏ-2 జాకెట్లని, అంటే యుద్ధంలో అమెరికా సైన్యపు పైలట్లు తొడుక్కున్న తోలు జాకెట్లని, దగ్గరగా చూస్తే అసలైనవి ఎలా ఉంటాయో కళ్ళకి అలవాటైపోతుంది. 1931లో అమెరికా సైన్యపు వైమానిక విభాగం ఏ-2ని ప్రామాణికం చేసింది, 1943 వచ్చేసరికి ఆపేసి గుడ్డ జాకెట్ల వైపు వెళ్ళింది. ఎక్కువగా గుర్రం తోలు, కొన్ని మేక తోలు. వీపంతా ఒకటే ముక్క, మధ్యలో కుట్టు ఉండదు. ముందు రెండు మూత జేబులు, పైనుంచి తెరవడమే తప్ప పక్కనుంచి చేతులు పెట్టుకునే సందు ఉండదు. కాలర్ కొనలకి టిచ్ బటన్లు, భుజాల మీద పట్టీలు, నడుము దగ్గరా మణికట్ల దగ్గరా ఊలు అల్లిక. మెడ కింద లోపలివైపు నేసిన లేబుల్, దాని మీద టైప్ ఏ-2 అనీ, డ్రాయింగ్ నంబరు 30-1415 అనీ, ఆర్డర్ నంబరూ, కంపెనీ పేరూ. రఫ్ వేర్, ఏరో లెదర్, పెర్రీ, డుబో, ఇలా చాలా కంపెనీలు కుట్టాయి. ఒక్కో కంపెనీ కాలర్ ఒక్కో ఆకారం, అందుకే ముదిరిన కలెక్టర్లు లేబుల్ ఊడిపోయినా కాలర్ చూసి కంపెనీ చెప్పేస్తారు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని షాపుకెళ్ళాం. ఇలాంటి పాత వస్తువుల మాల్స్‌లో ఒక్కో అద్దాల బీరువా ఒక్కో వ్యాపారి అద్దెకి తీసుకుంటాడు, కౌంటర్లో ఉన్నవాళ్ళకి సరుకు గురించి ఏమీ తెలీదు. తాళం తీయమంటే, కొంటేనే తీస్తాం అంది కౌంటర్లో ఉన్నావిడ. "అడ్వాన్సు కట్టినవాడు ఇతనేనమ్మా" అని రసీదు చూపిస్తే మొహం చిట్లించుకుంటూ తాళంచెవి కోసం వెళ్ళి పావుగంట తర్వాత వచ్చింది. జాకెట్ తీసి ఇలా తిప్పానో లేదో జేబుల పక్కన చేతులు పెట్టుకునే సందులు కనబడ్డాయి. జిప్పు లాగితే దాని మీద వైకేకే అని ఉంది. అమెరికా యుద్ధకాలపు జాకెట్‌కి జపాన్ కంపెనీ జిప్పు ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా లోపల అస్తరంతా మ్యాప్ ముద్రించిన గుడ్డ. యుద్ధంలో తప్పించుకోవడానికి గుడ్డ మీద అచ్చేసిన మ్యాప్‌లు ఇచ్చిన మాట నిజమే, కానీ అవి విడిగా ఇచ్చేవారు. అస్తరు నిండా మ్యాప్ అంటే అది 1980ల ఫ్యాషన్. ఎయిర్‌ఫోర్స్ ఆ దశకం చివర్లో ఏ-2ని మళ్ళీ మేక తోలుతో తీసుకొచ్చింది, బజారులో మామూలు జనానికీ అదే పేరుతో బోలెడు అమ్మారు. మా చేతిలో ఉన్నది అలాంటిదే, 100 డాలర్లకి మించి విలువ చేయదు.

ఇవన్నీ ఒక్కొక్కటి చూపించి అడ్వాన్సు తిరిగిమ్మన్నాం. వ్యాపారికి ఫోన్ చేసింది. "వింటేజ్ అన్నాను, పాతదే కదా, అడ్వాన్సు వాపసు లేదని రసీదు మీద రాసుంది" అని ఆయన జవాబు. చీటీ మీద 1942 అని స్వయంగా రాసినవాడు ఆ మాట అనడం నాకు ఒళ్ళు మండేలా చేసింది. నేను గట్టిగా వాదించాను, మా ఆవిడ నా చొక్కా పట్టుకుని బయటికి లాగింది. బావమరిది కార్లో అరగంట మాట్లాడలేదు, తర్వాత "బావా, ఇంటికెళ్ళిపోదాం" అన్నాడు. వద్దన్నాను. కార్డు వాళ్ళకి ఫిర్యాదు పెట్టాడు, ఇంకా ఏమీ తేలలేదు.

మర్నాడు ఫెయిర్‌గ్రౌండ్‌లో పాత మిలిటరీ సామాన్ల సంత, టికెట్ 8 డాలర్లు. అక్కడ తెల్లజుట్టు పెద్దాయన ఒకాయన, మేం అడక్కముందే జాకెట్ చేతికిచ్చి, టార్చి కూడా ఇచ్చి, "కాలర్ ఎత్తి చూడు, జేబులు బయటికి తియ్యి" అన్నాడు. అది నేవీ వాళ్ళ జీ-1. మేక తోలు, బొచ్చు కాలర్, చేతులు ముందుకి చాపితే వీపు దగ్గర మడతలు విచ్చుకుంటాయి. జిప్పు వెనక గాలి పట్టీ మీద చిన్న చిన్న చిల్లులతో యూఎస్ఎన్, అంటే యూఎస్ నేవీ, అన్న అక్షరాలు. లేబుల్ మీద మిల్-జె-7823 అన్న మిలిటరీ స్పెసిఫికేషన్ నంబరు తర్వాత బ్రాకెట్లో డబ్ల్యూఈపీ అని ఉంది. అంటే నేవీలో ఆయుధాల బ్యూరో ఉన్న రోజులది. ఆ బ్యూరో 1959లో పెట్టి 1966లో ఎత్తేశారు కాబట్టి జాకెట్ ఏ కాలానిదో ఆ మూడక్షరాలే చెప్తాయి. కుడి మణికట్టు ఊలుకి పురుగు కొట్టిన చిల్లులు రెండున్నాయి, అవి కూడా ఆయనే వేలు పెట్టి చూపించాడు. 340 అన్నాడు, 290కి ఇచ్చాడు. మా బావమరిది మొహంలో వెలుగు అప్పుడొచ్చింది.

మా ఆవిడకి నచ్చింది మాత్రం అదే బల్ల మీదున్న ఒక తోలు బ్యాడ్జీ. ఎర్ర తెల్ల చారలు, పైన ఒకవైపు చైనా సూర్యుడు, ఇంకోవైపు భారత నక్షత్రం. చైనా-బర్మా-ఇండియా రంగంలో, అంటే అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకు మోసిన కాలంలో, అమెరికన్లు మన దర్జీల దగ్గర ఇలాంటివి చేయించుకునేవారట. తోలు ముక్కలు వేరువేరుగా కోసి అతికించి కుట్టిన పని, చారల అంచులు ఒకదానికొకటి సరిగ్గా కలవవు, ఆ చేతిపని చూసి తనే బేరమాడింది. ధర 160 దగ్గర ఆగిపోయింది, కొనలేదు. వీటికీ నకిలీలు విపరీతం, చీకట్లో అల్ట్రావయొలెట్ లైటు వేస్తే దారం తెల్లగా మెరిసిందంటే అది యుద్ధం తర్వాతి దారమని అనుమానించాలి. ఆ లైటు 12 డాలర్లకి దొరుకుతుంది, జేబులో పెట్టుకుని వెళ్ళండి.

జపాన్‌లో రియల్ మెక్కాయ్స్, ఇంగ్లండ్‌లో ఈస్ట్‌మన్ లాంటివాళ్ళు నకళ్ళని నకళ్ళనే చెప్పి గొప్పగా కుడతారు, తొడుక్కోవడానికైతే అవే హాయి. ఒరిజినల్ కావాలంటే మాత్రం తాళం తీయనివాడికి ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. పాత జాకెట్ దొరికాక జిప్పు బిగుసుకుందని కొత్తది వేయించకండి, ధర సగానికి పడిపోతుంది. కాస్త మైనం రాస్తే చాలాసార్లు అదే కదులుతుంది. మావాడి మణికట్టు ఊలు కూడా మార్పించడం లేదు, చిల్లులు పెరగకుండా లోపలినుంచి దారంతో పట్టించమని కొలంబస్‌లో మనకి తెలిసిన టైలరింగ్ ఆవిడకి ఇచ్చాం, 25 డాలర్లు అడిగింది.