జాబితాలోని ప్రతి వరుసకూ ఒకే పని: లూప్‌ను ఎక్కడ పెడితే మేలు?

తిరుపతిలో బీపీఎంఎన్ (పనుల క్రమాన్ని బొమ్మగా గీసే పద్ధతి) నేర్చుకుంటున్న మిత్రులు ఈ మధ్య తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. జాబితాలోని ప్రతి వరుసకూ ఒకే పని చేయించాలంటే స్క్రిప్ట్ టాస్క్ (కోడ్ నడిపే పని) లోపలే లూప్ రాయాలా, గేట్‌వే (దారి తేల్చే మలుపు) నుంచి బాణాన్ని వెనక్కి తిప్పాలా, మల్టీ ఇన్‌స్టన్స్ (ప్రతి వరుసకూ ఆ పనిని విడిగా నడిపే పద్ధతి) వాడాలా? ఏది సులువు, ఏది వేగం అన్నవి తర్వాతి సంగతులు. ఒక వరుస విఫలమైతే మిగతావాటి గతి ఏమిటన్నదే, నా దృష్టిలో, ముందు తేల్చుకోవలసిన విషయం.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి రైతుల చెల్లింపులు కాముండా 7 మీద, అంటే బీపీఎంఎన్ బొమ్మలను నడిపే ఇంజన్ మీద, నడిచేవి. కాటా చీటీలను బట్టి తయారైన 43 మంది జాబితా మొత్తం, అసింక్ (పనిని వెనక విడి జాబ్‌గా నడపమనే గుర్తు) పెట్టిన ఒకే టాస్క్‌లో, కోడ్ లూప్‌గా తిరిగేది. 17వ రైతు ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ఐదో స్థానంలో సున్నాకు బదులు ‘ఓ’ అక్షరం పడడంతో బ్యాంకు తిప్పికొట్టింది. విఫలమైన జాబ్‌ను ఆ ఇంజన్ మామూలుగా 3 సార్లు ప్రయత్నిస్తుంది, లూప్ ప్రతిసారీ మొదటి వరుస నుంచే మొదలవుతుంది. దాంతో మొదటి 16 మంది ఖాతాల్లో మూడేసి మార్లు డబ్బు పడింది, 17వ రైతు నుంచి చివరివరకూ ఒక్కరికీ రూపాయి అందలేదు.

అందుకే చెల్లింపుల వంటి పనులకు నేను మూడు నిలువు గీతల గుర్తునే, అంటే పారలల్ మల్టీ ఇన్‌స్టన్స్‌నే ఎంచుకుంటాను. అయితే గుర్తు పెట్టినంత మాత్రాన సరిపోదు. కాముండా 7లో అసింక్‌ను టాస్క్ మీద కాక మల్టీ ఇన్‌స్టన్స్ లోపలి పనికి పెట్టాలి. లేకపోతే అన్ని వరుసలూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిసి నిలిచే లేదా కలిసి రద్దయ్యే కట్టగా) ఒకదాని తర్వాత ఒకటిగా నడుస్తాయి, ఒకటి చెడితే ఇంజన్ లెక్కలన్నీ వెనక్కి పోతాయి గానీ బ్యాంకు పంపిన డబ్బు వెనక్కి రాదు. సరిగ్గా పెడితే 17వ వరుస ఒక్కటే ఇన్సిడెంట్‌గా (మనిషి చూసి సరిదిద్దవలసిన వైఫల్యంగా) నిలుస్తుంది. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ సరిదిద్ది ఆ ఒక్కదాన్నే మళ్లీ నడపవచ్చు. ఆ ఒక్క వరుసకు కూడా రెండుసార్లు చెల్లింపు జరగకుండా, కాటా చీటీ నంబరునే బ్యాంకుకు రిఫరెన్సుగా పంపడం మంచిది.

మూడు అడ్డగీతల సీక్వెన్షియల్ పద్ధతిలో 17వ రైతు వెనుక 26 మంది ఆగిపోతారు. ఒక వరుస ఫలితం మీద తర్వాతి వరుస ఆధారపడినప్పుడు మాత్రం అదే సరైనది. పారలల్‌లో ప్రతి వరుసా కూడిక మొత్తం ఉండే ఒకే వేరియబుల్‌లో రాయబోతే ఒకదాన్నొకటి తుడిచేస్తాయి కనుక, ఫలితాలను విడివిడిగా ఉంచుకుని చివర ఒకేసారి కూడాలి. కాముండా 8లో అవుట్‌పుట్ కలెక్షన్ అనే ఫలితాల జాబితా వాటిని వరుస తప్పకుండా పేర్చి ఇస్తుంది.

గుండ్రటి బాణం గుర్తున్న స్టాండర్డ్ లూప్‌ను కాముండా నడపదు, కనుక దాన్ని పక్కన పెట్టవచ్చు.

గేట్‌వే లూప్‌కు ఒక చోటు ఉంది. మల్టీ ఇన్‌స్టన్స్ లోపలికి అడుగుపెట్టేటప్పుడే వరుసలెన్నో లెక్క తేలిపోతుంది, తర్వాత చేరినవి దానికి పట్టవు. సీజన్‌లో రాత్రి దాకా కాటాకు ట్రాక్టర్లు వస్తూనే ఉంటాయి కనుక, లోడ్లు దించుకునే ప్రాసెస్‌కు గేట్‌వే బాణమే పెట్టి, గేటు మూసి జాబితా ఖరారయ్యాక చెల్లింపులకు మల్టీ ఇన్‌స్టన్స్ వాడండి.