పిక్‌గార్డ్ లేని లెస్ పాల్: కొన్నేళ్లు వాయించాక

లెస్ పాల్ అనే ఎలక్ట్రిక్ గిటార్ నుంచి పిక్‌గార్డ్, అంటే తీగలు మీటే పిక్ తగిలి చెక్కకు గీతలు పడకుండా బిగించే ప్లాస్టిక్ రేకు, ఊడదీయడం అయిదు నిమిషాల పని. తీగలు విప్పనక్కర్లేదు, పికప్‌ల (తీగల కదలికను పట్టే అయస్కాంత పెట్టెలు) జోలికి పోనక్కర్లేదు. మెడ వైపు ఉండే నెక్ పికప్ దగ్గర, కటవే (బాడీలో తొలిచిన ఒంపు) వైపు పైనుంచి దిగే స్క్రూ ఒకటి, బాడీ పక్క అంచులో గార్డ్‌ను మోసే బ్రాకెట్‌ను పట్టుకునే స్క్రూ ఇంకొకటి. మంచి స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటే చాలు, ప్లాస్టిక్ ముక్క చేతికొచ్చేస్తుంది. మిగిలేది రెండు బెజ్జాలు. గార్డ్ తీయాలా వద్దా అని తటపటాయించే వాళ్ల బెంగంతా వాటి గురించే.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎపిఫోన్ కంపెనీ లెస్ పాల్ స్టాండర్డ్, చెర్రీ సన్‌బర్స్ట్ రంగు (అంచుల్లో ఎరుపు, మధ్యలో పసుపు). కొన్నేళ్లుగా గార్డ్ లేకుండానే ఇంట్లో, రిహార్సల్స్‌లో, రిసెప్షన్ల స్టేజీల మీద వాయిస్తున్నాను. నా మటుకు నాకు తీసేయడమే మంచిదైంది. బెజ్జాలు కనబడకుండా చేయాలనే పట్టుదల మాత్రం అనవసరం. కనబడని బెజ్జం అంటూ ఉండదు, మూడడుగుల దూరం నుంచి తెలియకపోతే అదే పదివేలు.

స్ట్రాటోకాస్టర్ అనే ఇంకో రకం గిటార్ ఉన్నవాళ్లు ఈ ఆలోచన ఇక్కడే ఆపేయొచ్చు. అందులో పికప్‌లు, వాల్యూమ్, టోన్, స్విచ్ అన్నీ గార్డ్‌కే వేలాడుతుంటాయి. కింద చెక్కను తొలిచిన గుంతలు తప్ప చూడటానికి ఏమీ ఉండదు. టెలీకాస్టర్ రకం గిటార్‌లో తీయడం కుదురుతుంది కానీ, 1959కి ముందు తరహాకు అయిదు, ఆ తర్వాతి తరహాకు ఎనిమిది బెజ్జాలు మిగులుతాయి. నెక్ పికప్ గార్డ్‌కే బిగించి ఉందో, నేరుగా చెక్కకు బిగించి ఉందో ముందే చూసుకోవాలి. లెస్ పాల్‌కు ఈ తలనొప్పి లేదు. దాని గార్డ్ ఆర్చ్‌టాప్ (పైచెక్క వంపుగా ఉండే) గిటార్ల నుంచి వచ్చిన వారసత్వం. పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్‌ను గాల్లో లేపి బ్రాకెట్ మీద నిలబెట్టారు. దాని మీద ఏ వైరూ ఆధారపడి లేదు.

తీయడానికి నాకున్న మొదటి కారణం పైనున్న మేపుల్ చెక్క మీది చారలు. ఆ చారల కోసమే ఈ రంగు గిటార్ కొని, వాటి మీద క్రీమ్ రంగు ప్లాస్టిక్ కప్పుకోవడం ఏం సబబు? రెండోది గలగల. బ్రాకెట్ నట్ కాస్త వదులైతే కొన్ని స్వరాల దగ్గర సన్నగా జిర్రుమనేది. ఆంప్ (సౌండ్ పెంచే యాంప్లిఫయర్) పెట్టాక వినబడదు కానీ, రాత్రిపూట ఆంప్ లేకుండా సాధన చేసేవాడికి అది చెవిలో జోరీగే. గార్డ్ పోయింది, జోరీగ పోయింది. దీంతో టోన్ మెరుగైందని చెప్పేవాళ్లను నమ్మకండి. ఆంప్‌లోంచి వచ్చే సౌండ్‌లో పిసరంత తేడా కూడా నాకు వినబడలేదు.

పోయిన సుఖం కూడా ఒకటుంది. చిటికెన వేలు గార్డ్ మీద ఆనించి వాయించే అలవాటు నాకు. గార్డ్ తీశాక వేలు అంత కిందికి వెళ్లి చెక్కను వెతుక్కోవాల్సి వచ్చింది, మణికట్టు కోణం మారింది, వేగంగా వాయించేటప్పుడు పిక్ తడబడింది. అరచేతి అంచును బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే లోహపు పట్టీ) మీద పెట్టడం అలవాటయ్యేదాకా చిరాకు తప్పలేదు. మీరూ వేలు ఆనించే బాపతైతే ముందు బ్రాకెట్ తీయకుండా, పై స్క్రూ మాత్రం విప్పి గార్డ్‌ను పక్కకు తిప్పి వారం వాయించి చూడండి. నచ్చకపోతే మళ్లీ బిగించుకోవచ్చు.

గీతలు పడతాయా అంటే, పడతాయి. సన్న తీగ కింద, రెండు పికప్‌ల మధ్య, పిక్ తగిలేచోట వెంట్రుకల్లాంటి గీతలు వచ్చాయి. లైటు పక్కనుంచి పడితేనే కనబడతాయి. ఈ గిటార్ మీదున్నది గట్టి పాలీయురెథేన్ పూత కాబట్టి కారు పాలిష్ చేసే కాంపౌండ్ కాస్త రుద్దితే తగ్గుతున్నాయి. చెక్క దాకా పోయిన గీత ఒక్కటీ లేదు.

ఇక బెజ్జాలు. అందరూ చెప్పే సలహా, తీసిన స్క్రూలనే బెజ్జాల్లో తిరిగి బిగించి వదిలేయమని. పొడి వాతావరణం ఉన్న ఊళ్లో అదే ఉత్తమం. మా ఇల్లు విశాఖలో, సముద్రానికి దగ్గర. వర్షాకాలం గడిచేసరికి ఆ చిన్న స్క్రూ తలల మీద తుప్పు చుక్కలు లేచాయి, తుడిచిన గుడ్డకు గోధుమ రంగు అంటుకుంది. ఇంకో సంగతి, మధ్యలో గార్డ్ మందం లేదు కాబట్టి స్క్రూ మునుపటికంటే లోతుకు దిగితే గానీ తల కిందికి ఆనదు. గట్టి మేపుల్‌లో బలవంతంగా తిప్పితే తల తెగి, మిగతాది లోపలే ఉండిపోవచ్చు. బిగుసుకుంటోందని అనిపించిన చోటే ఆపాలి. అలా ఆపిన స్క్రూ తల కాస్త పైకి ఉండి, తుడిచే గుడ్డను పట్టుకుంటుంది.

అందుకే స్క్రూలు తీసేసి నింపాను. స్క్రూ వచ్చాక బెజ్జం అంచుల్లో పూత చిన్న గట్టులా లేచి ఉంటుంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. దాన్ని వదిలేసి నింపితే పని ఎప్పటికీ సాపుగా రాదు. బెజ్జం కంటే కొంచెం పెద్ద డ్రిల్ బిట్‌ను వేళ్లతో పట్టుకుని, వెనక్కి, అంటే అపసవ్య దిశలో, రెండు మూడు చుట్లు తిప్పితే గట్టు పొడిలా రాలిపోతుంది. డ్రిల్ మిషన్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. ఆ తర్వాత టూత్‌పిక్ కొసకు ఫెవికాల్ అద్ది లోపలికి నెట్టి, పైకి మిగిలింది బ్లేడుతో కోసి, తెగిన చోటును ఉపరితలం కంటే ఒక పిసరు కిందికి నొక్కాను. పైన రంగు పట్టడానికి ఆ చోటు కావాలి. పొంగిన ఫెవికాల్ తడిగుడ్డకు వచ్చేస్తుంది.

ఇక్కడినుంచి రెండు బెజ్జాలకూ రెండు దారులు. పైదానికి ఫర్నిచర్ గీతలు పూడ్చే గట్టి మైనం వాడాను, ఎరుపు, గోధుమ రెండూ వేళ్ల మధ్య నలిపి కలిపి. ట్యూబ్‌లైటు కింద కుదిరిన రంగు ఎండలో తేలిపోతుంది కాబట్టి కిటికీ దగ్గర కలపాలి. పక్కదానికి ఫెవిక్విక్ చుక్క వేశాను. మా ఊరి తేమకు అది చటుక్కున గట్టిపడి చుట్టూ తెల్లటి పొర కమ్మింది, తర్వాత కాంపౌండ్‌కు పోయింది. ఉబ్బెత్తును దించడానికి బ్లేడు రెండు చివరలకూ టేపు చుట్టి, మధ్యభాగంతో మాత్రమే గీకాను. ఆపైన వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 1000, 1500, 2000 నంబర్లు వరుసగా.

ఇన్నేళ్ల తర్వాత ఫలితం ఇదీ. మైనం ఎండాకాలంలో మెత్తబడి కొంచెం కుంగుతుంది, అప్పుడప్పుడు మళ్లీ రుద్దాలి. కానీ రంగు బాగా కలిసిపోయింది, చెబితే తప్ప ఎవరూ పట్టుకోలేదు. ఫెవిక్విక్ రాయిలా ఉంది, కదల్లేదు. కాకపోతే దాని కింద టూత్‌పిక్ తడిసిన చెక్కలా నల్లబడి, పెన్నుతో పెట్టిన చుక్కలా కనబడుతోంది. మళ్లీ చేయాల్సివస్తే పైకి మైనమే, పక్కకు ఫెవిక్విక్కే. పక్క భాగాన్ని ఎవరు చూస్తారు?

తెలిసిన వడ్రంగి ఒకాయన లప్పం పెట్టి పాలిష్ కొట్టేద్దామన్నాడు. తలుపుకైతే సరే. గిటార్ మీద ఆ అతుకు బెజ్జం కంటే పదింతలు పెద్దదిగా కనబడుతుంది.

పాత గిబ్సన్ (లెస్ పాల్ అసలు తయారీదారు) గిటార్ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాటి మీద నైట్రోసెల్యులోజ్ పూత ఉంటుంది, వయసుతో పసుపెక్కుతుంది. 1958, 59 నాటి సన్‌బర్స్ట్‌లలో ఎరుపు రంగు వెలుతురుకు వెలిసిపోయేది కూడా. గార్డ్ కింద మాత్రం అసలు రంగు నిలిచి, తీశాక దాని ఆకారం నీడలా బయటపడుతుంది. బెజ్జాలు పూడ్చినా ఆ నీడ పోదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని ఎసిటోన్ తగిలితే నైట్రో పూత కరిగిపోతుంది, కాబట్టి ఫెవిక్విక్ తుడవడానికి దాన్ని వాడకూడదు. అలాంటి గిటార్‌కు నేనైతే బెజ్జాలు ముట్టుకోను, స్టెయిన్‌లెస్ స్క్రూలు రెండు పెట్టి ఊరుకుంటాను. గార్డ్, బ్రాకెట్, పాత స్క్రూలు ఒక కవర్లో వేసి కేసులోనే ఉంచండి. అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది ఒరిజినల్ పార్టులు ఉన్నాయా అనే.