మండువా ఇల్లు అద్దెకు: మనం ఉంటూ గదులివ్వడమా, తాళం చేతికిచ్చేయడమా?

రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి మండువా ఇల్లు మూడేళ్లు తాళం వేసి ఉంది. దూలాలకు చెద పట్టిందని తెలిశాక అందరం కూర్చుని, వచ్చిపోయేవాళ్లకు రోజు అద్దెకు ఇద్దామని అనుకున్నాం. 2027 జూన్ నెలాఖరులో గోదావరి పుష్కరాలు మొదలవుతాయి. కోనసీమలో పాత ఇళ్లున్న చాలామంది ఇదే ఆలోచనలో ఉన్నారు. అందుకే మేం నాలుగు ఆఫీసులు తిరిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

దారులు రెండు. ఇంటివాళ్లు అందులోనే ఉంటూ కొన్ని గదులు ఇవ్వడం ఒకటి. దీన్నే హోమ్‌స్టే అంటున్నారు. ఇల్లు మొత్తం ఖాళీ చేసి, వచ్చినవాళ్ల చేతికి తాళం ఇచ్చేయడం రెండోది. ఆన్‌లైన్ యాప్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి కానీ రూల్స్ దగ్గరికి వచ్చేసరికి ఈ రెండింటికీ పోలికే లేదు.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒక గది నుంచి ఆరు గదుల వరకు, అంటే పన్నెండు మంచాల వరకు ఇవ్వచ్చు. సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులు ఉంటాయి. అసలు షరతు ఏమిటంటే, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి. మాకు అక్కడే పీటముడి పడింది. నేనేమో కాకినాడలో, తమ్ముడేమో బెంగళూరులో. చివరికి ఇంట్లో వాటా ఉన్న మా పిన్నే ముందుకొచ్చింది. "నేనుంటాన్రా. కానీ వంటింట్లోకి ఎవరూ చెప్పులతో రాకూడదు, ముందే చెప్పండి" అంది. ఆ మాటతో మా దారి సగం తేలిపోయింది.

తాళం ఇచ్చేసే పద్ధతి ఈ పథకం కిందకు రాదు. అది నేరుగా వ్యాపారం. అమలాపురం లాంటి మున్సిపాలిటీలోనైతే ట్రేడ్ లైసెన్స్ సంగతి చూసుకోవాలి, ఊళ్లోనైతే ముందు పంచాయతీ కార్యదర్శిని కలవాలి. చాలామంది మరిచిపోయేది కరెంటు మీటరు. ఇంటి కనెక్షన్ మీద లాడ్జీ నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు కట్టిస్తారు. గదికో ఏసీ పెట్టాక వచ్చే బిల్లు మీద అది పడితే పండగ సీజన్ లాభం మొత్తం పోతుంది. హోమ్‌స్టే అయినా సరే, కరెంటు వాళ్ల సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోవడం మంచిది. మేం అలాగే చేశాం.

జీఎస్టీ గురించి మాత్రం అనవసరంగా టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా మామూలుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేని యజమాని యాప్ ద్వారా గది ఇస్తే పన్ను ఆ యాప్ వాళ్లే కడతారు. రోజుకు 7,500 రూపాయల్లోపు గదికి 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతమే.

సముద్రం వైపు, అంటే అంతర్వేది, ఓడలరేవు పక్క ఇల్లున్నవాళ్లకు హోమ్‌స్టే ఇంకా మేలు. 2019 సీఆర్‌జెడ్ (తీరం పక్కన కట్టడాలపై ఆంక్షల) నోటిఫికేషన్‌లో స్థానికులు, మత్స్యకారులు తమ ఇళ్లలో హోమ్‌స్టే పెట్టుకునే వీలుంది. పునాది విస్తీర్ణం, ఇంటి నమూనా, ముందుభాగం మారకూడదన్నదే షరతు. కొబ్బరి తోటలో కొత్తగా కాటేజీలు వేద్దామనుకుంటే మాత్రం అది వేరే సంగతి. భూమి వాడకం మార్పు, ప్లాన్ అప్రూవల్, తీరం నుంచి దూరం, ఇవన్నీ తేలకుండా ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు.

ఇక సంక్రాంతి. మా బావ పక్క ఊళ్లో తన ఇంటిని ఒక మధ్యవర్తి ద్వారా మూడు రోజులకు ఇచ్చి, తాళం ఇచ్చి వచ్చేశాడు. ఎనిమిది మంది ఫ్యామిలీ అన్నారు. భోగి రాత్రికి వాకిట్లో తొమ్మిది కార్లున్నాయి. మండువాలో తులసికోట పక్కనే టార్పాలిన్ పరిచి, ఎల్‌ఈడీ లైటు వేలాడదీసి పేకాట మొదలెట్టారు. ఎదురింటివాళ్లు ఫోన్ చేసేసరికే పోలీసులు వచ్చేశారు. 1974 ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ప్రకారం ఆడినవాళ్లే కాదు, తెలిసి చోటిచ్చిన యజమాని కూడా దోషే. తనకు తెలియదని నమ్మించడానికి బావ నాలుగు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగాడు. అద్దె డబ్బులకు మూడింతలు ఖర్చయిందని అక్క ఇప్పటికీ బాధపడుతుంది. ఇంట్లో మనిషి ఒక్కరున్నా ఆ టార్పాలిన్ పడేది కాదు.

వరదల మాటా అంతే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. లంక గ్రామాలవాళ్లకు ఈ అంకెలు చెప్పక్కర్లేదు, 2022 జులై ఇంకా కళ్ల ముందే ఉంది. హైదరాబాద్ నుంచి పులస తినడానికి వచ్చినవాళ్లకు మాత్రం ఏ కాజ్‌వే ఎప్పుడు మునుగుతుందో తెలియదు. పుష్కరాలు వచ్చేదీ వానాకాలంలోనే. ఆ సమయంలో ఖాళీ ఇంట్లో అతిథుల్ని వదిలేయడం నాకు మనసొప్పదు.

విదేశీ పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లుంటే 24 గంటల్లోగా ఇమిగ్రేషన్ అధికారులకు ఆన్‌లైన్‌లో తెలపాలి. ఇది రెండు పద్ధతులకూ వర్తిస్తుంది. పాస్‌పోర్టు చూసి వివరాలు ఎక్కించేవాళ్లు ఇంట్లో ఉంటేనే అది సవ్యంగా జరుగుతుంది.

డబ్బు పరంగా చూస్తే తాళం ఇచ్చే పద్ధతికే ఎక్కువ వస్తుంది, కాదనను. పది మంది గుంపు ఇల్లు మొత్తం అడుగుతారు, బేరం కూడా ఆడరు. అయినా ఇంట్లో ఉండే మనిషి దొరికితే హోమ్‌స్టేకే నా ఓటు. ఎవరూ దొరకకపోతే రోజు అద్దె జోలికి పోకుండా ఏ టీచర్ కుటుంబానికో 11 నెలల అగ్రిమెంటుతో నెలవారీ ఇచ్చేయండి. ఇంటి అద్దె ఆదాయంలో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, కాపురం కోసం ఇస్తే జీఎస్టీ ఉండదు, ఇంట్లో రోజూ దీపం వెలుగుతుంది.

మేం నాలుగు గదులతో మొదలుపెడుతున్నాం. పిన్ని అప్పుడే లాంగ్ నోట్‌బుక్ కొని, పేరు, ఊరు, ఫోన్ నంబరు, వచ్చిన టైము అని గళ్లు గీసి పెట్టింది. వసారా గదికి బాత్రూమ్ కట్టించడం ఒక్కటే మిగిలింది. మేస్త్రీ కోతలయ్యాక వస్తానన్నాడు.