ఏసీ నడుస్తోందట, గది మాత్రం ఉడుకుతోంది: ఏడాది వాడాక

ఐఆర్ బ్లాస్టరును (రిమోటులా ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ పంపే డబ్బాను) హోమ్ అసిస్టెంట్‌కు (ఇంటి వస్తువులను నడిపే సాఫ్ట్‌వేరుకు), దాన్ని ఎంసీపీ సర్వరు (ఏఐకి బయటి సాధనాలను అందించే వారధి) ద్వారా మాటతో పనిచేసే ఏఐ అసిస్టెంట్‌కు కలిపి ఏడాది దాటింది. కలిపే పద్ధతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. నా పేచీ అంతా ఒక్క పని మీద: ఆజ్ఞ పంపే ముందు ఏఐ అసిస్టెంటు, హోమ్ అసిస్టెంట్ ఇచ్చే వస్తువుల జాబితా తిరగేసి, ఏది ఏ గదిలో ఉంది, ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అని చూసుకోవడం. మొదటి నెలల్లో దీన్నే ఆకాశానికెత్తాను. అందులో సగం మెప్పు ఇప్పటికీ చెల్లుతుంది.

ఆ సగం పేర్ల సంగతి. "నడి అర్రల ఫ్యాను బంద్ చెయ్యి" అంటే అవుతుంది, కాకపోతే ప్రతి వస్తువుకీ మన ఇంట్లో పిలిచే మారుపేర్లు రాసిపెట్టాలి. మాటను అక్షరాల్లోకి మార్చే భాగం "అర్ర"ను ఒక్కోసారి "ఎర్ర" అని రాస్తుంది. దానితో కొట్లాడే బదులు "ఎర్ర ఫ్యాను"ను కూడా మారుపేరుగా చేర్చేయడం సులువు.

ఇక రెండో సగం. నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం కరెంటు పది నిమిషాలు పోయి వచ్చిందనుకోండి. రౌటరు, రాస్ప్‌బెర్రీ పై (హోమ్ అసిస్టెంట్ నడిచే చిన్న కంప్యూటరు) ఇన్వర్టరు మీద ఉంటాయి, ఏసీ ఉండదు. ఏసీ ఆగిన సంగతి వాటికి తెలిసే దారే లేదు. ఐఆర్ ఒకవైపు మాట, బ్లాస్టరు చెప్పడమే గానీ ఏసీ బదులివ్వదు. జాబితాలో కనబడేది ఆఖరున పంపిన ఆజ్ఞ మాత్రమే. అసిస్టెంటు అది చదివి "ఏసీ 26 మీద నడుస్తూనే ఉంది" అని నమ్మకంగా చెప్పి ఊరుకుంటుంది. అదే మామూలు రిమోటైతే ఏమీ చూడకుండా సిగ్నల్ కొట్టేది, ఏసీ లేచేది. చాలా ఏసీ రిమోట్లు నొక్కిన ప్రతిసారీ మోడు, ఉష్ణోగ్రత, ఫ్యాను వేగం అన్నీ కలిపి పంపుతాయి కాబట్టి రెండోసారి పంపినా నష్టం లేదు. టీవీ అట్లా కాదు, చాలావాటికి పవర్ బటన్ ఒక్కటే. జాబితా తప్పయితే ఆపమన్న టీవీ లేచి కూర్చుంటుంది.

ఆటో రీస్టార్ట్ (కరెంటు వచ్చాక తనంతట తానే మళ్లీ మొదలవడం) ఉన్న ఏసీకి ఈ తిప్పలు తక్కువ. లేనిదానికి మందు వాట్లు కొలిచే 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు. ఆగి ఉన్న ఏసీ కొద్ది వాట్లే తీసుకుంటుంది, కంప్రెసరు ఆగి ఒట్టి ఫ్యాను తిరిగినా అంతకన్నా బాగా ఎక్కువ. అందుకని హోమ్ అసిస్టెంట్‌లోని థ్రెషోల్డ్ హెల్పరులో (అంకె హద్దు దాటిందా లేదా చెప్పే సెన్సరులో) పై హద్దు 15 వాట్లు, హిస్టెరిసిస్ (హద్దుకు అటూ ఇటూ వదిలే ఎడం) 5 పెడితే ఆన్, ఆఫ్ తేలిపోతాయి. ముందు మీ ఏసీ రెండు స్థితుల్లో ఎన్ని వాట్లు చూపిస్తుందో రాసుకుని హద్దు ఎంచుకోండి. ఆ సెన్సరును స్మార్ట్‌ఐఆర్ (హోమ్ అసిస్టెంట్‌లో ఐఆర్ ఏసీలను నడిపే యాడాన్) సెట్టింగుల్లో పవర్ సెన్సర్ లైనులో ఇస్తే, కరెంటు వచ్చిన కాసేపటికి జాబితా తనంతట తానే సరవుతుంది. ఇక్కడ రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. కరెంటు వచ్చాక ప్లగ్గు ఆన్ అయ్యేలా దాని యాప్‌లో పెట్టాలి, లేకుంటే ఏసీకి కరెంటే అందదు. రెండు, ప్లగ్గు స్విచ్చిని అసిస్టెంటుకు చూపించకూడదు. చూపిస్తే "ఏసీ ఆపు" అన్నప్పుడు ఒక్కోసారి ఐఆర్ వదిలేసి ప్లగ్గునే పీకుతుంది, నడుస్తున్న కంప్రెసరు టక్కున ఆగుతుంది.

సెన్సరు పెట్టినా ఇంకో జబ్బు మిగిలింది. అదే సంభాషణ పొడుగ్గా సాగితే అసిస్టెంటు మళ్లీ చూడకుండా ఇందాకటి జాబితా నుంచే జవాబిస్తుంది. "ప్రతిసారీ స్థితి కొత్తగా చూడు" అని సూచనల్లో రాస్తే చాలావరకు వింటుంది, ఎప్పుడూ కాదు. కొత్త సంభాషణ తెరవడమే ఖాయమైన దారి.

కొత్తగా చేరే వస్తువులను వాటంతట అవే అసిస్టెంటుకు చూపించే మీట మొదటిరోజే ఆపేయండి. బోరు మోటరు స్టార్టరు స్విచ్చి జాబితాలోకి అస్సలు రాకూడదు. నీళ్లు లేని బోరును ఏఐ తోలితే మోటరు కాలుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటరును వాటంతట అవే నడిపేవి) తీసేయమని ప్రభుత్వం రైతులకు చెప్పింది భూగర్భ జలం కోసం, ఇక్కడ మోటరు కోసమూ అదే మాట. "బోరు నడుస్తోందా" అనే సెన్సరు ఒక్కటి చూపిస్తే చాలు. అడిగితే చెబుతుంది, ముట్టుకోలేదు.

ఒక ఏసీ, ఒక టీవీ ఉన్న ఇంటికి ఇదంతా దండగే, దిండు కింద రిమోటు చాలు. రెండు మూడు గదుల్లో ఐఆర్ సామాను ఉండి, రిమోట్లు వెతకలేని పెద్దవాళ్లు ఉంటే పనికొస్తుంది, అదీ ప్లగ్గు ఖర్చు కలుపుకున్నాకే. నేను ఏసీకి ఉంచుకున్నాను, టీవీని జాబితాలోంచి తీసేశాను. కూలరు సంగతి ఇంకా తేల్చుకోలేదు. కరెంటు వచ్చాక అది స్టాండ్‌బైలోనే ఉండిపోతుంది, దానికోసం ఇంకో ప్లగ్గు కొనబుద్ధి కావడం లేదు.