కిటికీ ఖరీదు 5,400 రూపాయలు: నైనీతాల్‌లో మూడు రాత్రులు

ఉత్తరాఖండ్ కొండల్లోని నైనీతాల్‌లో ఎక్కడ నిలబడినా సరస్సు కనిపిస్తుంది, సరస్సు కనిపిస్తుందని అదనంగా డబ్బు తీసుకుని మాకిచ్చిన గదిలో నుండి తప్ప. ఆ గది సంగతి చెప్పకుండా మిగిలిన విశేషాలు రాయడం నా వల్ల కాదు కాబట్టి, అక్కడికి వెళ్ళాలనుకునేవారు ముందుగా ఈ గొడవను కాస్త ఓపికతో వినాలి.

మే నెలాఖరులో రాజమండ్రి ఎండకు తాళలేక నేను, మావారు, మా అత్తగారు, ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మా అమ్మాయి బయలుదేరాము. ఢిల్లీ వరకు ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోను, అక్కడ నుండి రాత్రి బండి అయిన రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్‌లోను ప్రయాణం సుఖంగానే సాగింది. తెల్లవారుజామున కాఠ్‌గోదాంలో దిగి, 34 కిలోమీటర్ల ఘాట్ రోడ్డుకు 1,200 రూపాయలకు టాక్సీ మాట్లాడుకున్నాము. నైనీతాల్ 1,938 మీటర్ల ఎత్తున ఉంది. సగం దారిలోనే అత్తగారు శాలువా తీశారు.

టాక్సీ ఆగిన చోటు పేరు తల్లీతాల్ అని అమ్మాయి బోర్డు చదవగానే అత్తగారు చేతులు జోడించారు. అమ్మవారి ఊరు కనుక తల్లి పేరు పెట్టుకున్నారని ఆమె అనుకున్నారు. అక్కడి కుమావూనీ భాషలో తల్లీ అంటే దిగువ, మల్లీ అంటే ఎగువ, తాల్ అంటే సరస్సు అని, సరస్సుకు ఈ కొసన ఉన్నది తల్లీతాల్, ఆ కొసన ఉన్నది మల్లీతాల్ అని డ్రైవరు వివరించినా ఆమె తన అర్థాన్నే ఉంచుకున్నారు. సతీదేవి కన్ను పడిన చోటని చెప్పే నయనాదేవి ఆలయం తల్లీతాల్‌లో కాక మల్లీతాల్ వైపు ఉండటం మాత్రం ఆమెకు నచ్చలేదు.

ఇక గది. నెల రోజుల ముందే ఫోనులో మాట్లాడి, మాల్ రోడ్డుకు ఎగువన ఉన్న ఒక హోటల్లో నలుగురికి సరిపోయే గది తీసుకున్నాము. మామూలు గది రాత్రికి 4,400, సరస్సు కనిపించే గది 6,200 అన్నారు. వచ్చేదే ఒకసారి, 1,800 దగ్గర చూసుకుంటే ఎలా అని మావారిని ఒప్పించినది నేనే, అందువల్ల తరువాత జరిగిన దానికి నోరెత్తే హక్కు నాకే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. హోటలుకు లిఫ్టు లేదన్న సంగతి ఫోనులో ఎవరూ చెప్పలేదు. రోడ్డు నుండి గది వరకు 64 మెట్లు ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ప్రతి పది మెట్లకు ఒకసారి ఆగి, ఎవరినీ నిందించకుండా, "అన్నవరం కొండ ఇంతకంటే నయం" అని మాత్రం అన్నారు.

గదిలోకి వెళ్ళి తెర తొలగించగానే ఎదురుగా ఒక నల్లటి నీళ్ళ ట్యాంకు, దాని పక్కన పొరుగు హోటలు వారి నియాన్ బోర్డు వెనుక భాగం, ఆ రెండింటికీ నడుమ జానెడు వెడల్పున పచ్చని నీరు కనిపించాయి. అదీ కిటికీకి కుడివైపు మూలకు జరిగి, భుజాన్ని గోడకు ఆనించి చూస్తేనే. ఒక పడవ ఆ సందులోకి వచ్చి మాయమయ్యేలోపు ఐదు అంకెలు లెక్కపెట్టవచ్చునని అమ్మాయి లెక్కించి చూపింది. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వారి మధ్యమ పరీక్ష గట్టెక్కిన హిందీతో నేను మేనేజరును పైకి పిలిపించి ఇది ఏమిటని అడిగితే, ఆయన అదే మూలకు వెళ్ళి, అలవాటైన తీరులో మెడ వంచి, "దిఖ్ తో రహా హై నా, మేడమ్" అన్నాడు. కనిపిస్తోంది కదా అన్న ఆ మాటకు వ్యాకరణపరంగా జవాబు లేదు. వేరే గది అడిగితే సీజను కనుక అన్నీ నిండిపోయాయన్నాడు. మామూలు గది ధరకే ఇమ్మంటే యజమాని ఊళ్ళో లేడన్నాడు. మూడు రోజులూ ఆ యజమాని ఊళ్ళోకి రాలేదు. వేడినీళ్ళు ఉదయం ఆరు నుండి ఎనిమిది వరకే వస్తాయన్న విషయం మరునాడు ఎనిమిదింబావుకు సబ్బు రాసుకున్న తరువాత మావారికి తెలిసింది. ఆ రోజు మధ్యాహ్నం వరకు ఆయన మాతో మాట్లాడలేదు.

గదిలో కోల్పోయిన సరస్సును బయట తనివితీరా చూశామన్నది నిజం. చుట్టుకొలత సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఒక ఒడ్డున దుకాణాలతో కిక్కిరిసిన మాల్ రోడ్డు, ఎదుటి ఒడ్డున చెట్ల నీడలో వాహనాలు తిరగని ఠండీ సడక్ ఉన్నాయి. నన్నడిగితే నైనీతాల్ మొత్తంలో పైసా ఖర్చు లేకుండా దొరికే ఉత్తమమైన వినోదం ఉదయం ఏడింటికి ఠండీ సడక్ మీద నడవడమే. దారిలో పాషాణ్ దేవి గుడి ఉంది, కూర్చోవడానికి బల్లలు ఉన్నాయి, ఆ వేళకు జనం ఉండరు. సాయంత్రం మాల్ రోడ్డు మాత్రం మన సంక్రాంతి సంత. కొవ్వొత్తుల బొమ్మలు, ఊలు టోపీలు, వేయించిన మొక్కజొన్న పొత్తులు తప్ప కొత్తదేమీ లేదు. తల్లీతాల్ నుండి మల్లీతాల్‌కు బ్యాటరీ రిక్షాలో మనిషికి 20 రూపాయలైంది. అత్తగారికి అది ఎంత నచ్చిందంటే పని లేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ తిరిగారు.

పడవ షికారుకు బేరం అక్కరలేదు, ధరల బోర్డు కట్టి ఉంటుంది. తెడ్డు పడవలో పూర్తి చుట్టుకు 420 చొప్పున రెండు పడవలకు 840 ఇచ్చాము. మా పడవ నడిపిన పెద్దాయన అడగకుండానే ఊరి చరిత్ర చెప్పాడు. 1880 సెప్టెంబరు 18న వానలకు షేర్ కా దండా కొండవాలు విరిగిపడి 151 మంది చనిపోయారని, పాత నయనాదేవి గుడి కూడా ఆ మట్టిలోనే కలిసిపోయిందని, ఇప్పుడు పిల్లలు క్రికెట్ ఆడుకునే ఫ్లాట్స్ మైదానం విశాలమైనది ఆ మట్టితోనేనని తెడ్డు ఆపి చేత్తో చూపించాడు. ఆ కొండ మీదనే ఇప్పుడు మా హోటలుతో సహా వరుసలు వరుసలుగా మేడలు ఉన్నాయి. నీటి మధ్యలో ఒకచోట బుడగలు పైకి వస్తుంటే అమ్మాయి చేపలనుకుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గకుండా అడుగుకు గొట్టాలతో గాలి పంపుతారట. ఊరికి తాగునీరు కూడా ఈ సరస్సు నుండే అందుతుంది. అది విన్నాక ముందు పడవలో నుండి చిప్స్ కవరు నీళ్ళలోకి విసిరిన కుర్రవాడిని మా అత్తగారు తెలుగులోనే గట్టిగా కేకలు వేశారు. అతనికి భాష తెలియకపోయినా విషయం అర్థమైంది.

మంచు శిఖరాలు చూడటానికి ఎక్కే స్నో వ్యూ కొండకు రోప్‌వే టికెట్టు తలకు 300, వరుసలో నిలబడింది గంటన్నర. 2,270 మీటర్ల ఎత్తు నుండి నందాదేవి, త్రిశూల్ శిఖరాలు కనిపించాలి కానీ మే నెల మంచుపొగలో తెల్లని ఆకాశం తప్ప ఏమీ లేదు. అయినా దుర్భిణీ అద్దెకిచ్చే మనిషి తలకు 50 తీసుకుని "అదిగో, అక్కడే" అని చూపించాడు. శిఖరాల కోసమే అయితే అక్టోబరు, నవంబరు నెలల్లో వెళ్ళండి. వేసవిలో ఆ 1,200 రూపాయలు మిగుల్చుకోండి. జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవన్నది చూసుకోకుండా సోమవారమే వెళ్ళాము, తప్పు మాది.

మూడవ రోజు 2,400 రూపాయలకు కారు మాట్లాడుకుని చుట్టుపక్కల సరస్సులు చూశాము. నీమ్ కరోలీ బాబా ఆశ్రమమైన కైంచీధామ్ దారిలో భవాలీ దగ్గర వాహనాలు బారులు తీరి ఉండటంతో అక్కడికి వెళ్ళే ఆలోచన మానుకున్నాము. సాత్‌తాల్ ఓక్ చెట్ల మధ్య నిశ్శబ్దంగా ఉంది. నౌకుచియాతాల్‌కు తొమ్మిది మూలలని, అన్నీ ఒకేసారి చూసినవారికి మోక్షమని చెబుతారు. మా అత్తగారికి నాలుగు కనిపించాయి.

భీమ్‌తాల్‌లో మధ్యాహ్నం రెండింటికి ఆకలితో, అలసటతో, ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ దిగాము. మూడు రోజులుగా రొట్టె, పనీరు తిని అత్తగారు మాటలు తగ్గించారు. డ్రైవరు ఒడ్డుకు దూరంగా ఒక ఇంటి ముందు ఆపాడు. నాలుగే బల్లలు, వంట చేసేదీ వడ్డించేదీ ఆ ఇంటి ఇల్లాలే. ఏముందని అడిగితే అన్నం, భట్ కీ చుడ్కానీ అంది. భట్ అంటే అక్కడ కొండల్లో పండే నల్ల సోయా గింజలు. వాటిని ఇనుప బాణలిలో నల్లగా వేయించి, కాస్త పిండి కలిపి, గంటసేపు సన్న సెగ మీద ఉడికిస్తారు. ఆవిరి కక్కుతున్న అన్నం మీద ఆ నల్లటి పులుసు పోసి, నేతి చుక్క వేసి పెట్టగానే అత్తగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసి తెరిచి, "ఇది మన ఉలవచారుకు అక్కో చెల్లెలో అవుతుంది" అన్నారు. నిజమే, ఆ మట్టివాసన, ఆ చిక్కదనం అచ్చం అదే, పులుపు ఒక్కటే తక్కువ. పక్కన గిన్నెలో పచ్చటి పచ్చడి ఏమిటని అడిగితే భాంగ్ గింజల చట్నీ అన్నారు. భాంగ్ మాట వినగానే అత్తగారు గిన్నె దూరంగా జరిపారు. ఆ గింజల్లో మత్తు ఉండదని ఆ ఇల్లాలు తానొక చెంచా తిని చూపించాక, నిమ్మరసం, పచ్చిమిరపతో నూరిన ఆ పచ్చడిని మూడుసార్లు అడిగి వేయించుకున్నారు. నలుగురికీ కలిపి 600 రూపాయలైంది. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే, కొళాయి ఎదుట భీమ్‌తాల్ సరస్సు నడిమి లంకతో సహా ఈ చివర నుండి ఆ చివర వరకు కనిపించింది. మావారు నా వైపు చూసి ఏమీ అనలేదు. అంతటి సంయమనం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

కాబట్టి నా సలహా ఇది: నైనీతాల్‌ను పగలు చూడండి, రాత్రులు భీమ్‌తాల్‌లో ఉండండి. రెండింటికీ దూరం 22 కిలోమీటర్లే. భీమ్‌తాల్‌లో రద్దీ తక్కువ, మేము అడిగిన రెండు చోట్లా గది 3,000 లోపే చెప్పారు. నైనీతాల్‌లోనే ఉండాలనుకుంటే డబ్బు కట్టకముందే కిటికీ తెరిచి, నిటారుగా నిలబడి తీసిన వీడియో పంపమనండి, మెట్లు ఎన్నో అడగండి.

గది ఖాళీ చేసేటప్పుడు బిల్లు 18,600 వేసి, ఫోనులో ఐదు నక్షత్రాలు ఇమ్మని మేనేజరు కోరాడు. అమ్మాయి నీళ్ళ ట్యాంకు ఫొటో తీసి చూపించి, ఇదే పెడతానంది. పది నిమిషాల చర్చ తరువాత, ఊళ్ళో లేని యజమాని అనుమతితో, 1,000 రూపాయలు తగ్గించారు. మూడు రాత్రులకు కిటికీ కోసం అదనంగా కట్టిన 5,400లో మిగిలిన 4,400 ఇంకా నా ఖాతాలో బాకీగానే ఉంది.

భీమ్‌తాల్ బజారులో 160 రూపాయలకు కొన్న కిలో భట్ గింజలను అత్తగారు సంచిలో అడుగున పెట్టుకుని తెచ్చారు. ఇంటికి వచ్చిన మూడవ రోజున కుక్కరులో వండితే రుచి దగ్గరగానే వచ్చింది కానీ ఆ నలుపు రాలేదు. ఇనుప బాణలి తెమ్మని మావారిని వారం రోజులుగా అడుగుతున్నారు.