వీధి మలుపులో ఆరు మడత కుర్చీలు: ఎనిమిది నెలలు వాడాక

ఇనుప గొట్టాల ఫ్రేము, గుడ్డ సీటు, మడిస్తే చంకన పెట్టుకుని నడిచిపోయేంత బరువు. ఇంట్లోకి కాదు, మా వీధి మలుపులో ఉన్న ఖాళీ జాగా కోసం తలా కొంత వేసుకుని ఆరు కొన్నాం. అంతకుముందు అక్కడ సగం చెత్త, మిగతా సగంలో ఎవరివో తెలియని రెండు కార్లు, నెలల తరబడి కదిలేవి కావు. ఒక ఆదివారం చెత్త ఎత్తేశాం సరే, మళ్ళీ వేయకుండా ఆపేదెలా? అక్కడ మనుషులు కూర్చుని ఉండాలి, అంతే.

ముందు సిమెంటు బెంచీ అనుకున్నాం కానీ దానికి అనుమతి కావాలి, ఎవరి గోడ పక్కన అనే పంచాయితీ తేలాలి, తీరా వేశాక ఎండ పడుతోందంటే జరపలేం. కుర్చీకి ఈ టెన్షన్ లేదు. సాయంత్రం తెచ్చి వేస్తాం, చీకటి పడ్డాక తీసేస్తాం, ఎవరైనా వద్దంటే ఆ నిమిషంలోనే మడిచేస్తాం (వద్దన్నది ఒక్కాయనే, ఇప్పుడు అందరికంటే ముందు వచ్చి కూర్చునేది కూడా ఆయనే).

ఇదేం మా బుర్రలో పుట్టింది కాదు. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రీబార్ అనే డిజైన్ బృందం పార్కింగ్ మీటర్లో డబ్బులేసి, కారు పెట్టాల్సిన చోట పచ్చిక పరిచి, ఒక బెంచీ, ఒక చెట్టు పెట్టి రెండు గంటలు దాన్ని పార్కు చేసేసింది. అదే తర్వాత చాలా నగరాల్లో ఏటా చేసే పార్కింగ్ డే అయింది. 2009లో న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ అనే కూడలిలోకి కార్లు రాకుండా ఆపినప్పుడు కూడా, అసలు ఫర్నిచర్ ఇంకా రాలేదని చవక రకం తోట కుర్చీలు వేశారు, జనం వచ్చి కూర్చున్నారు. చేసింది నగరపాలకులే అనుకోండి, కానీ పని చేసింది మాత్రం కుర్చీయే.

ఇక లోపాలు. రెండో నెలకే కాళ్ళ కింది ప్లాస్టిక్ బుష్‌లు ఊడిపోయాయి. బుష్ లేని గొట్టం తడి మట్టిలో దిగబడి కుర్చీ పక్కకి ఒరుగుతుంది, బండ మీద లాగితే పళ్ళు జివ్వుమంటాయి. కంపెనీకి ఫోన్ చేస్తే విడిగా అమ్మరట, కొత్త కుర్చీ కొనుక్కోమన్నారు! పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి తొడిగాం, అసలువాటి కంటే ఇవే గట్టిగా ఉన్నాయి. మడత కీలు దగ్గర వేలు నలుగుతుంది, అందుకే పిల్లల్ని మడవనివ్వం. గుడ్డ రంగు పూర్తిగా వెలిసింది, కుట్లు మాత్రం ఒక్కటీ ఊడలేదు. బుష్‌లు విడిగా దొరికే రకం అయితే ధైర్యంగా కొనండి, లేకపోతే ట్యూబు ముక్కలు సిద్ధం చేసుకోండి.

విలియం వైట్ అనే పరిశోధకుడు 1970లలో న్యూయార్క్ ప్లాజాల్లో, అంటే పెద్ద భవనాల ముందుండే ఖాళీ ఆవరణల్లో, కెమెరాలు పెట్టి మరీ గమనించాడు: కదిలే కుర్చీ దొరికితే మనిషి కూర్చునే ముందు దాన్ని అటో ఇటో జరుపుతాడు, చివరికి మొదట ఉన్న చోటే పెట్టినా సరే. చదివి నవ్వుకున్నాను కానీ మా దగ్గర ఒక పెద్దాయన రోజూ చేసేది ఇదే. ఎత్తుతారు, చెట్టు వైపు తిప్పుతారు, మళ్ళీ రోడ్డు వైపే తిప్పి కూర్చుంటారు.

ఒక రాత్రి ఒక కుర్చీ తీయడం మర్చిపోయాం. పొద్దున చూస్తే లేదు, పోయిందనుకున్నాం. ముప్ఫై అడుగుల దూరంలో వీధి దీపం కింద ఉంది. అక్కడ వేయాలని మాకెవరికీ తోచలేదు. ఇప్పుడు రోజూ రెండు అక్కడే వేస్తున్నాం.